శిష్యుని గీతను దిద్దిన గురువు : నందలాల్ బోస్

అక్షరాభ్యాసం నాడు గురువు పసివాని చేయి పట్టుకొని ఓనమాలు దిద్దిస్తాడు. ఉర్దూ బడిలో ఉస్తాదు తఖ్తీ మీద అలిఫ్ రాసి ఇచ్చి, దాని క్రింద బాలునిచేత మళ్లీ మళ్లీ రాయిస్తాడు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై గజల్ రాసి తెస్తే, దానిని ఉస్తాదు సవరించి ఇవ్వడాన్ని ఇస్లాహ్ అంటారు. తెలుగులో దిద్దుబాటు అన్నా, ఉర్దూలో ఇస్లాహ్ అన్నా భావం ఒక్కటే. అయితే దిద్దడంలో రెండు మార్గాలున్నాయి. శిష్యుని గీతకు బలం చేకూర్చి నిలబెట్టడం ఒక మార్గం. ఆ గీతను చెరిపివేసి దాని స్థానంలో తన గీతను ఉంచడం మరొక మార్గం. చూచేవారికి ఈ రెండూ ఒకే తీరుగా కనిపించవచ్చును గాని, వాటి ఫలితాలకు హస్తిమశకాంతరం ఉంటుంది.

కళాశాలలో వార్షికోత్సవం సమీపించగానే గోడపత్రికలు, ఆహ్వానపత్రాలు, ప్రకటన చిత్రాలు కావలసి వస్తాయి. చిత్రలేఖనంలో కొంత ఆసక్తి ఉన్న విద్యార్థులు రాత్రులు మేల్కొని చిత్తుప్రతులు తయారుచేసి, అధ్యాపకుల ముందు, సంఘ సభ్యుల ముందు ఉంచుతారు. అక్షరాలు వంకరగా ఉన్నాయనో, రంగులు ఎక్కువైనాయనో, బొమ్మ బాగుండలేదనో ఒక మాట వెలువడుతుంది. ఆ ఒక్క మాటతో కొందరు మరింత ఉత్సాహంగా పనికి పూనుకుంటారు. మరికొందరు ఆ తరువాత కుంచె ముట్టరు. అంతటి శక్తి గల ఆ మాటను ఏ విధంగా పలకాలో జీవితమంతా ఆలోచించిన ఒక మహా చిత్రకారుడు మన దేశంలో ఉండేవారు. ఆయన నందలాల్ బోస్. ఆయన గీసిన చిత్రాలను గురించి తెలిసినవారు అనేకులు. ఆయన శిష్యుల చిత్రాలను ఎలా చూచేవారో తెలుసుకోవడం విద్యార్థులకూ, వారిని దిద్దవలసిన పెద్దలకూ సమానంగా ఉపయోగకరం.

నందలాల్ 1882వ సంవత్సరం డిసెంబరు 3వ తేదీన బీహారులోని ముంగేరు జిల్లా ఖరగ్‌పూర్‌లో జన్మించారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి బొమ్మలు చేయడంలో, ముగ్గులు తీర్చడంలో నేర్పరి. ఆ తల్లి చేతిపని చూస్తూ, ఊరిలోని కుమ్మరులు మట్టిని ప్రతిమగా మలచే తీరును గంటల తరబడి గమనిస్తూ బాలుడు పెరిగాడు. దుర్గాపూజ వచ్చిందంటే పందిళ్లు అలంకరించడంలో అతడే ముందుండేవాడు. అతనికి పాఠశాల చదువు కన్నా ముందే బజారు వీధి, కుమ్మరి ఆవము, పండుగ పందిరి గురువులైనాయి. కళ పదిమంది నడిచే దారిలో ఉండవలసినదన్న నమ్మకానికి విత్తనం అప్పుడే పడినదని చెప్పవచ్చును.

ఉన్నత విద్యకై కలకత్తా వెళ్లిన నందలాల్ పరీక్షలలో రాణించలేకపోయారు. ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. వాణిజ్య విద్య చదవమని పెద్దలు ప్రోత్సహించగా దానిలో చేరి, మనసు నిలువక విడిచిపెట్టారు. 1903లో సుధీరాదేవితో వివాహమైనది. సంసారభారం మీద పడుతున్నా ఆయన దృష్టి చిత్రకళ మీదనే ఉండేది. చివరకు 1905 ప్రాంతంలో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో ప్రవేశించారు. ఆ సంస్థకు ఇ. బి. హావెల్ అధిపతి. భారతీయ చిత్రకళకు పునరుజ్జీవం కల్పించడానికి ఆయనతో కలసి కృషి చేస్తున్న అవనీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి గురువు. పరీక్షలలో వెనుకబడిన యువకునికి తగిన గురువు అక్కడ లభించారు.

అవనీంద్రులు శిష్యుని పక్కన కూర్చొని ప్రతి గీతనూ సరిచేసే స్వభావం కలవారు కారు. విద్యార్థులకు పురాణ కథలు చదివి వినిపించే ఏర్పాటు చేసేవారు. వారి ఊహకు తగినంత మేత అందించి, ఆపైన ఎవరి దారిని వారు వెదకుకొనే స్వేచ్ఛ ఇచ్చేవారు. ఆ వాతావరణంలో నందలాల్ ప్రతిభ త్వరితంగా వికసించింది. 1907లో స్థాపితమైన భారతీయ ప్రాచ్య కళా సంఘం మరుసటి సంవత్సరం జరిపిన ప్రదర్శనలో ఆయన శివసతుల చిత్రానికి ఐదు వందల రూపాయల బహుమానం లభించింది. ఆ ధనంతో ఆయన దేశయాత్ర చేసి, ప్రాచీన దేవాలయాలను, శిల్పాలను కన్నులారా చూచి వచ్చారు.

గురుశిష్యుల మధ్య జరిగిన ఒక ఉదంతాన్ని ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. అవనీంద్రులు దీనిని తమ జ్ఞాపకాలలో స్వయంగా చెప్పుకున్నారు. నందలాల్ ఒకనాడు తపస్సులో ఉన్న ఉమాదేవి చిత్రాన్ని గీసి గురువుగారికి చూపించారు. రంగులు చాల తక్కువగా, చిత్రమంతా నిరాడంబరంగా ఉన్నది. అవనీంద్రులకు అందులో ఏదో కొరతగా తోచింది. మరికొంత రంగు వేస్తే బాగుంటుందని, ఉమకు కొంచెం అలంకారం చేయవచ్చునని సలహా ఇచ్చారు. శిష్యుడు మారు మాటాడక చిత్రాన్ని తీసుకొని వెళ్లిపోయారు.

ఆ రాత్రి గురువుగారికి నిద్ర పట్టలేదు. తాను చెప్పినది సరియైనదేనా అని మనసు పదేపదే ప్రశ్నించసాగింది. నందలాల్ ఉమను ఆ విధంగానే దర్శించి ఉండవచ్చును గదా! ఘోర తపస్సులో శిలవలె నిలిచిన కన్యకు రంగులెక్కడివి, ఆభరణాలెక్కడివి? తనకు రుచించిన ఉమను శిష్యుని కాగితం మీద చూడాలనుకోవడమే పొరపాటని ఆయనకు తట్టింది. తెల్లవారగానే పరుగు పరుగున శిష్యుని ఇంటికి వెళ్లారు. అప్పటికే నందలాల్ ఆ చిత్రాన్ని ఎదుట పెట్టుకొని, గురువాజ్ఞ ప్రకారం రంగు వేయడానికి కుంచె సిద్ధం చేసుకుంటున్నారు. అవనీంద్రులు ఆయనను వారించి, తమ సలహాను ఉపసంహరించుకున్నారు. క్షణకాలం ఆలస్యమైతే ఒక ఉత్తమ చిత్రం తమ మాట వలన చెడిపోయేదని గ్రహించి, అప్పటినుండి శిష్యుల చిత్రాలను సవరించే విషయంలో మరింత జాగ్రత్త వహించారు.

ఈ ఉదంతంలో ఆలోచించవలసిన విషయాలు రెండున్నాయి. శిష్యునికి ఎదురు చెప్పే ధైర్యం లేదు. అంతటి గౌరవం గురువు మీద. కనుక గురువు పలికిన ప్రతి మాటా అక్కడ శాసనమే అవుతుంది. అందుచేతనే ఆ మాటను పలకడానికి ముందు శిష్యుడు ఏమి సాధించదలచాడో అడిగి తెలుసుకోవలసిన బాధ్యత గురువు మీద ఉన్నది. రెండవది, తప్పు సలహా ఇచ్చినానని తెలిసినప్పుడు దానిని మరుగుపరచక, తెల్లవారేసరికి శిష్యుని గుమ్మంలో నిలిచి చెప్పగలగడం. దీనివలన గురువు గౌరవం తగ్గలేదు సరిగదా, ఆయన మాటకు విలువ పెరిగింది. తరువాతి కాలంలో తానే గురుపీఠం మీద కూర్చున్న నందలాల్‌కు ఆ ఉదయం గొప్ప పాఠం అయినది.

1909వ సంవత్సరాంతంలో నందలాల్ అజంతాకు వెళ్లారు. అక్కడి కుడ్యచిత్రాలకు నకళ్లు తీసే పనిలో నిమగ్నమైన లేడీ హెరింగ్‌హామ్‌కు సహాయకులుగా కలకత్తా యువచిత్రకారులను పంపడంలో సోదరి నివేదిత చొరవ చూపారు. నందలాల్, అసిత్ కుమార్ హల్దార్, మైసూరు వాసి వెంకటప్ప మొదలైనవారు ఆ బృందంలో ఉన్నారు. అజంతా ఆనాడు నిజాం రాజ్యంలోని ప్రదేశం. హైదరాబాదు నుండి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ అనే చిత్రకారులు కూడ అదే పనిలో పాల్గొన్నారు. వంగదేశపు యువకులు, కన్నడ చిత్రకారుడు, హైదరాబాదు కళాకారులు, ఒక ఆంగ్ల మహిళ ఆ గుహల మసక వెలుతురులో ఒకే గోడ ముందు నిలిచి, పేరు తెలియని పూర్వచిత్రకారుల రేఖలను అనుసరించి గీశారు. సయ్యద్ అహ్మద్ తరువాతి కాలంలో కూడ అజంతా చిత్రాల సంరక్షణకు, వాటి నకళ్లకు తమ కృషిని అంకితం చేశారు. మన ప్రాంతీయులు గర్వించదగిన విషయమిది.

అజంతాలో నందలాల్ నేర్చుకున్నది ముఖ్యంగా రేఖాశక్తి. దూరాన నిలిచి చూచేవానికి కూడ ఒక్క చుట్టుగీతతో శరీరపు బరువు, కదలిక, భావం తెలియజేయడం ఆ పూర్వుల విద్య. దీనిని అభ్యసించిన చేయి గనుకనే తరువాత ఆయన చిన్న తపాలా కార్డు మీద గీసినా, నిలువెత్తు గోడమీద గీసినా రేఖ బలం తగ్గలేదు. 1921లో బాగ్ గుహలలోని చిత్రాలకు కూడ నకళ్లు తీశారు. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్‌తో చీనా, జపాను దేశాలు పర్యటించి, అక్కడి కుంచెపనిలోని పొదుపును గమనించి వచ్చారు.

రవీంద్రులు 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్‌ను నెలకొల్పారు. కొద్దికాలం రాకపోకలు జరిగిన పిమ్మట నందలాల్ అక్కడ స్థిరపడి, ఆ సంస్థ బాధ్యతను స్వీకరించారు. 1951లో పదవీ విరమణ చేసేవరకు అదే ఆయన కర్మక్షేత్రం. ఆయన శిష్యులను గది నాలుగు గోడల మధ్య బంధించలేదు. పొలాలకు, సంతాలుల పల్లెలకు పంపి, చెట్టును, పశువును, పనిచేసే మనిషిని చూచి రమ్మనేవారు. చూచినదానిని జ్ఞాపకం నుండి గీయించేవారు. తాము కూడ జేబులో కార్డులు పెట్టుకొని తిరుగుతూ, కంటబడినదాన్ని అప్పటికప్పుడే గీసేవారు. శిష్యులకు, మిత్రులకు ఆయన పంపిన బొమ్మల కార్డులు వేలకొలది. ఉత్సవాలకు ముగ్గులు, నాటకాలకు రంగాలంకరణ, పుస్తకాలకు బొమ్మలు మొదలైనవన్నీ అక్కడ పాఠంలో భాగాలే. చిత్రకారుడు గౌరవంగా బ్రతకడానికి మార్గం ఉండాలని తలచి, 1930 ప్రాంతంలో కారుసంఘం అనే సహకార సంస్థకు కూడ ఆయన ప్రేరకులైనారు. బజారుకు ఉపయోగపడే పని హీనమైనదన్న భావం ఆయనలో లేదు.

గురువుగా నందలాల్ కూడ పొరబడకపోలేదు. కళాభవన్ తొలి విద్యార్థులలో వినోద్ బిహారీ ముఖర్జీ ఒకరు. ఆయనకు ఒక కన్ను పనిచేయదు. రెండవ కంటి చూపు కూడ మిక్కిలి మందం. చూపులేనివానికి చిత్రకళ ఎందుకని నందలాల్ సందేహించి, విషయాన్ని రవీంద్రుల ముందుంచారు. విద్యార్థికి శ్రద్ధ ఉన్నదా, క్రమం తప్పక కూర్చొని పనిచేస్తున్నాడా అని విచారించి, అట్లయితే అతని భవిష్యత్తును గురించి మనం దిగులుపడనవసరం లేదన్న భావంతో రవీంద్రులు అతనిని ఉండనిమ్మన్నారు. నందలాల్ ఆ నిర్ణయాన్ని మనసారా శిరసావహించారు. వినోద్ బిహారీ అక్కడే చదివి, అక్కడే అధ్యాపకులై, 1946-47 సంవత్సరాలలో హిందీభవన్ గోడలపై మధ్యయుగ భక్తకవుల జీవితాలను చిత్రించారు. ముందుగా పూర్తి నమూనా గీసుకోకుండానే తిన్నగా గోడ మీద గీసిన ఆ చిత్రం ఆధునిక భారతీయ కళలో మహత్తరమైన కుడ్యచిత్రాలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది. చూపు పూర్తిగా పోయిన తరువాత కూడ ఆయన సృష్టి ఆగలేదు. ఆనాడు ఒక్క మాటతో ఆ విద్యార్థిని ఇంటికి పంపివేసి ఉంటే ఆ గోడలు ఈనాటికీ తెల్లగానే ఉండేవి.

రామ్‌కింకర్ బైజ్ విషయం మరొక రీతిది. బాంకుడాలో నిరుపేద కుటుంబంలో పుట్టిన ఆయన యౌవనారంభంలోనే జాతీయోద్యమం కొరకు నాయకుల చిత్రాలు గీసిన యువకుడు. పత్రికా సంపాదకులు రామానంద చటర్జీ ప్రోత్సాహంతో 1925లో శాంతినికేతన్ వచ్చారు. ఆయన తెచ్చిన చిత్రాలు చూచి నందలాల్, నేర్వవలసినదంతా నేర్చుకొనే వచ్చినావు గదా, మళ్లీ ఇక్కడికెందుకని ఆశ్చర్యం వెలిబుచ్చి, సరే, రెండు మూడేండ్లు ఉండి చూడమన్నారట. ఆయన జీవితాంతం అక్కడే ఉండిపోయారు. నందలాల్‌కు తైలవర్ణాల మీద ఇష్టం లేదు. రామ్‌కింకర్ వాటినే చేపట్టారు. గురువు తమ అయిష్టాన్ని దాచుకోలేదు గాని, శిష్యుని దారికి అడ్డుగోడ కట్టలేదు. ఆ స్వేచ్ఛలోనే 1938లో సంతాలు కుటుంబం అనే మహాశిల్పం ఆరుబయట వెలసింది. తన అభిరుచిని చెప్పడం వేరు, దానిని శిష్యునికి నియమంగా విధించడం వేరు అన్న విచక్షణ ఆ గురువుకు ఉండినది.

ప్రజల కంటికి అందే చిత్రం ఎలా ఉండాలన్న ప్రశ్నకు నందలాల్ తమ పనితోనే సమాధానం ఇచ్చారు. 1930లో గాంధీజీ దండియాత్ర సందర్భంగా ఆయన లినోలియం పలకపై చెక్కి ముద్రించిన బాపూజీ చిత్రాన్ని మనమందరం ఎరుగుదుము. నల్లని నేపథ్యం, తెల్లని రేఖలు, చేత కర్ర, ముందుకు సాగుతున్న అడుగు. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. సముద్రం లేదు, జనసమూహం లేదు, ఉప్పు కూడ లేదు. అయినా యాత్ర అంతా కనిపిస్తుంది. అదే సంవత్సరం రవీంద్రుల సహజ్ పాఠ్ అనే బాలల వాచకానికి కూడ ఆయన ఇదే పద్ధతిలో బొమ్మలు సమకూర్చారు. ఒక చిత్తుప్రతిని చూచేటప్పుడు ఇందులో ఇంకేమి చేర్చాలని అడగడం అందరికీ అలవాటు. ఇందులో ఏది తీసివేసినా భావం నిలుస్తుందని అడగడం ఈ చిత్రాల నుండి మనం నేర్వవలసిన పాఠం.

గాంధీజీ కాంగ్రెసు మహాసభలను పల్లెలలో జరపాలని సంకల్పించినప్పుడు వాటి అలంకరణ బాధ్యతను నందలాల్‌కు అప్పగించారు. 1936లో లక్నోలో కళాప్రదర్శన, ఆ సంవత్సరాంతంలో ఫైజ్‌పూర్‌లో వెదురు, గడ్డి వంటి స్థానిక సామగ్రితో సభానగర నిర్మాణం జరిగాయి. 1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురలో సుభాస్ చంద్రబోస్ అధ్యక్షతన సభ జరిగింది. దానికొరకు నందలాల్ ఎనభైకి పైగా చిత్రఫలకాలు రచించారు. శిష్యులు, సహచరులు వాటికి ప్రతులు తీయగా మొత్తం దాదాపు 400 ఫలకాలైనాయి. ద్వారాల మీద, డేరాల మీద, దారుల వెంట వాటిని అమర్చారు.

ఆ ఫలకాలను హరిపుర పోస్టర్లని పిలవడం పరిపాటి అయినది. చేతితో తయారైన కాగితం మీద మట్టిరంగులతో, పల్లెపటములు గీసేవారి శైలిని తలపించే వేగవంతమైన గీతలతో అవి రూపొందాయి. వాటిలో నాయకుల ముఖాలు లేవు, నినాదాలు లేవు. డోలు వాయించేవాడు, వడ్రంగి, దర్జీ, కుస్తీ పట్టే మల్లుడు, ధాన్యం దంచే స్త్రీ, బిడ్డను లాలించే తల్లి ఉన్నారు. సభకు నడచి వచ్చే రైతు తన బొమ్మను తానే చూచుకునేటట్లు ఏర్పాటు జరిగింది. ఆ సభ ఎవరిదో అతనికి వేరే చెప్పనవసరం లేకపోయింది. ప్రకటన కళకు ఇంతకన్న మేలైన ఉదాహరణ దొరకడం కష్టం.

విద్యార్థుల దృష్టితో చూస్తే హరిపుర ఒక పెద్ద పాఠశాల. చిత్తుప్రతి బాగున్నదా లేదా అన్న ప్రశ్నకు అక్కడ వ్యక్తిగతమైన ఇష్టాయిష్టాలతో సమాధానం దొరకదు. నడిచిపోతున్న పల్లెవాసి ఆగకుండానే దీనిని గ్రహించగలడా? నాలుగైదు రంగులతో పని జరుగుతుందా? మరొక చేయి దీనికి ప్రతి తీసినప్పుడు జీవం నిలుస్తుందా? ఖర్చు తక్కువలో తయారవుతుందా? ఇవీ ఆ పని అడిగే ప్రశ్నలు. ఇటువంటి ప్రశ్నలతో కొలిచినప్పుడు విమర్శ శిష్యుని మీదికి పోదు, పని మీద నిలుస్తుంది. తన బొమ్మ గురువుగారికి నచ్చలేదని శిష్యుడు కుంగిపోనవసరం ఉండదు. దారిన పోయేవానికి అది ఎందుకు అందలేదో తానే వెదకుకుంటాడు.

ఆ పాఠశాల నుండే ఒక యువకుడు వ్యాపార ప్రకటనల రంగంలో అడుగుపెట్టారు. ఆయన సత్యజిత్ రాయ్. 1940లో కళాభవన్‌లో చేరేనాటికే వాణిజ్య చిత్రకారుడు కావాలన్నది ఆయన కోరిక. నందలాల్ వద్ద ఆయన నేర్చుకున్నవాటిలో చెట్టును గీసే పద్ధతి ఒకటి. చెట్టు నేల నుండి పైకి పెరుగుతుంది. కనుక కుంచె కూడ మొదలు నుండి పైకే సాగాలని గురువు బోధించారు. ఇందులోని సవరణను గమనించండి. బొమ్మ బాగుండలేదన్న మాట లేదు. చెట్టు ఎట్లా పెరుగుతుందో గుర్తు చేయడమే ఉన్నది. తప్పును చూపించినది గురువు కాదు, చెట్టు. ఈ సవరణ ఒక్క బొమ్మతో ముగిసేది కాదు. ఆ శిష్యుడు మరే వస్తువును గీసినా దాని పుట్టుకను, పెరుగుదలను తలచుకొనేటట్లు చేస్తుంది.

రాయ్ ఐదేండ్ల శిక్షణను పూర్తి చేయకుండానే 1942 డిసెంబరులో శాంతినికేతన్ విడిచి, 1943లో కలకత్తాలోని డి. జె. కీమర్ అనే బ్రిటిషు ప్రకటనల సంస్థలో నెలకు ఎనభై రూపాయల జీతం మీద చేరారు. అక్కడ ఆయన ప్రకటనలలో వంగదేశపు ముగ్గుల వరుసలు, కుంచెతో రాసిన అక్షరాల సొంపు ప్రవేశించాయి. సిగ్నెట్ ప్రెస్ ప్రచురణలకు ముఖచిత్రాలు గీశారు. పథేర్ పాంచాలి నవల బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీస్తూ ఉండగానే ఆ కథను చలనచిత్రంగా తీయాలన్న తలంపు కలిగినదని, 1955లో అది వెండితెర మీదికి వచ్చినదని అందరికీ తెలిసినదే. 1972లో ఆయన చూపు కోల్పోయిన వినోద్ బిహారీని గురించి ఇన్నర్ ఐ అనే లఘుచిత్రం నిర్మించారు. నందలాల్ ఒకనాడు సందేహించిన శిష్యుని జీవితాన్ని, ఆయన తీర్చిదిద్దిన మరొక శిష్యుడు లోకానికి చూపించారు.

మన తెలుగుదేశానికి కూడ ఆ గురుపరంపర సంక్రమించింది. వరంగల్లు ప్రాంతంలో జన్మించిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, శాంతినికేతన్ వెళ్లి నందలాల్ వద్ద శిక్షణ పొందారు. తిరిగి వచ్చి హైదరాబాదు లలితకళా కళాశాలలో అధ్యాపకులుగా అనేకమంది శిష్యులను తీర్చిదిద్దారు. 1975లో జరిగిన ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలకు తెలుగుతల్లి చిత్రాన్ని సమర్పించినవారు ఆయనే.

స్వతంత్ర భారత రాజ్యాంగం మూలప్రతిని చిత్రాలతో అలంకరించే మహత్కార్యం కూడ నందలాల్‌కే దక్కింది. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా తమ చేతివ్రాతతో ఆ ప్రతిని రాయగా, నందలాల్, ఆయన శిష్యులు కలసి ప్రతి భాగానికి చిత్రాలు, అంచులు సమకూర్చారు. పీఠిక పుటను అలంకరించినవారు శిష్యులైన బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా. ఆ పుట క్రింది మూలలో రామ్ అన్న చిన్న సంతకం నేటికీ ఉన్నది. దేశమంతటికీ శిరోధార్యమైన గ్రంథంలో అతి ముఖ్యమైన పుటను శిష్యుని చేతికి ఇచ్చి, దానిమీద శిష్యుని పేరే ఉండనిచ్చారు గురువు. దిద్దిన చేయి తన గుర్తును అక్కడ వదలలేదు.

1954లో భారత ప్రభుత్వం నందలాల్‌ను పద్మవిభూషణ్ బిరుదంతో సత్కరించింది. వృద్ధాప్యంలో కూడ ఆయన చేయి విశ్రమించలేదు. చిన్న కార్డుల మీద నల్లసిరాతో గీతలు గీస్తూ, చించిన రంగుకాగితాలు అతికి బొమ్మలు కూర్చుతూ కాలం గడిపారు. 1966 ఏప్రిల్ 16వ తేదీన కలకత్తాలో పరమపదించారు.

విద్యార్థి మిత్రులారా! మీ చిత్తుప్రతిని ఎవరైనా విమర్శించినప్పుడు చిన్నబుచ్చుకోకండి. పరీక్షలు తప్పిన యువకుడే రాజ్యాంగానికి చిత్రాలు కూర్చినాడని గుర్తుంచుకోండి. ఆ విమర్శలో మీ పనికి సంబంధించినదేదో, చెప్పినవారి అభిరుచికి సంబంధించినదేదో విడదీసి చూచుకోండి. మొదటిదాన్ని తప్పక స్వీకరించండి. రెండవదాన్ని గౌరవంగా విని, ఆలోచించండి. మీ ఉద్దేశమేమిటో వినయంగా చెప్పడానికి సంకోచించవద్దు. ఆనాడు నందలాల్ మౌనంగా వెళ్లిపోయారు గనుకనే గురువు రాత్రంతా మేలుకోవలసి వచ్చింది.

కళాశాల పెద్దలకు కూడ ఒక విన్నపం. మన విద్యార్థులలో చాలమంది కాగితం, రంగులు కొనడానికి ఇంట్లో అడిగి తెచ్చుకోవలసినవారు. కొందరికి ఇంటిలో మొదటి చదువు తమదే. వారు తెచ్చిన చిత్తుప్రతి వెనుక ఎంత సాహసమున్నదో కాగితం మీద కనిపించదు. దానిని చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా ఇది ఎవరికొరకు, ఏమి చెప్పదలచినావు అని అడుగుదాము. లోపమున్నచోట లోపాన్ని దాచక చెప్పుదాము. అయితే దారిన పోయేవాని కంటితో చూచి చెప్పుదాము. కుంచె మాత్రం వారి చేతిలోనే ఉండనిద్దాము. చెప్పిన మాట తప్పని రాత్రికి తోస్తే, మరునాటి ఉదయం రంగు పడకముందే వెళ్లి ఆ మాట చెప్పి వద్దాము.